నాయన చూపించిన బండ

మా సోమందేపల్లెలో కూర్చుని నేను వేసిన మొదటి కొండ మీద మంచు ఉంది.

నవ్వకండి. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు గంటలు. రోడ్డు మీద కుక్క కూడా తిరగడం లేదు. ఫ్యాన్ వేస్తే కాగితం ఎగురుతుంది, ఆపితే చెమట చుక్కలు కాగితం మీద పడతాయి. అలాంటి టైంలో ఫోన్ ముందు పెట్టుకుని, వీడియోలో ఎవరో వేస్తున్నట్టే తెల్లటి మంచు శిఖరం, దాని కింద నీలం సరస్సు, ఒడ్డున దేవదారు చెట్లు వేశాను. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. పద్నాలుగు మంది హార్ట్ కొట్టారు.

నాయన బయటి నుంచి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చూశాడు.

"బాగుంది పాపా. యాడి కొండ ఇది?"

"యాడిదీ కాదు నాయనా. వీడియోలోది."

ఇంకాసేపు చూశాడు. "మన కొండలు బాగలేవా?" అని అడిగి, లోపలికెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు.

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. అందుకే ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు.

డబ్బా సీలు ఎందుకు విప్పానంటే

బెంగళూరులో మూడేళ్లు ఉద్యోగం చేశాను. ఒక రోజు మీటింగ్ అని పిలిచారు. పది నిమిషాల్లో అయిపోయింది. నాతో పాటు ఇంకా చాలామంది. రూమ్ ఖాళీ చేసి రెండు బ్యాగులతో ఊళ్లో బస్సు దిగాను. బ్యాగు అడుగున ఒక వాటర్ కలర్ డబ్బా ఉంది. ఎప్పుడో ఆఫర్‌లో కొన్నది, సీలు కూడా తీయలేదు.

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ రోజూ సంగటిలోకి ఊరిబిండి నూరి పెట్టేది. నాయన "తిన్యావా పాపా?" అనడం తప్ప ఇంకో ప్రశ్న వేయలేదు. అలా ఏమీ అడగకపోతే ఎంత కష్టంగా ఉంటుందో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. పొద్దున లేస్తే చేయడానికి ఏదో ఒక పని కావాలి. డబ్బా విప్పింది అందుకు. కళ మీద చిన్నప్పటి నుంచీ ప్రేమ అని చెప్తే అబద్ధమవుతుంది.

ఉర్లగడ్డల మూట

బెంగళూరు నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద అనంతపురం వైపు వచ్చినవాళ్లకు మా కొండలు గుర్తుండే ఉంటాయి. కొడికొండ చెక్‌పోస్టు దాటాక రెండు పక్కలా గుండ్ల మీద గుండ్లు. పిల్లాడెవరో పేర్చుకుని ఆడుకుని, అన్నానికి పిలిస్తే అలాగే వదిలేసి పోయినట్టు ఉంటాయి. చెట్టు తక్కువ, రాయి ఎక్కువ. పెనుకొండ చేరేసరికి అదే రాయి కోట గోడ అయిపోతుంది. 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర రాజులు హంపీ విడిచి వచ్చి తలదాచుకున్నది ఆ కొండ దగ్గరే.

నేను అంత పెద్ద కొండ జోలికి పోలేదు. మా ఇంటి వెనక ఉన్న చిన్న గుట్టతో మొదలుపెట్టాను. పొద్దున ఆరింటికి డాబా ఎక్కి కూర్చున్నాను. పెన్సిల్‌తో ఒక్కో గుండుకూ చుట్టూ గీత గీశాను. లోపల బూడిద రంగు నింపాను. నీడ కోసం కింద నల్లరంగు రాశాను.

అమ్మ చూసి, "కూరకు కడిగి పెట్టిన ఉర్లగడ్డల మాదిరి ఉండాయే!" అంది.

నిజమే. రెండో రోజూ ఉర్లగడ్డలే. అయిదో రోజూ ఉర్లగడ్డలే.

తర్వాత అర్థమైంది, మొదటి తప్పు నల్లరంగు. నల్లరంగు రాస్తే నీడ చచ్చిపోతుంది, మసి పూసినట్టు ఉంటుంది. అసలు మన రాయి బూడిద రంగని ఎవరు చెప్పారు? పొద్దున ఎండలో రోంత గులాబీగా ఉంటుంది. మధ్యాహ్నం తెల్లగా పాలిపోతుంది. సాయంత్రం కాల్చిన ఇటుక మాదిరి అవుతుంది. నీడలో నీలం కనిపిస్తుంది. ఇవన్నీ రెండే రంగుల్లో దొరుకుతాయి: బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ బ్లూ. కాల్చిన మట్టి రంగు ఒకటి, ముదురు నీలం ఒకటి. రెండూ కలిపితే బూడిద రంగు వస్తుంది. మట్టి రంగు ఎక్కువైతే ఎండ తగిలిన రాయి, నీలం ఎక్కువైతే నీడలోని రాయి. పైగా ఈ నీలం రంగు పొడి కాస్త బరక. నీళ్లు ఎక్కువ కలిపి గరుకు కాగితం మీద వేస్తే రంగు రేణువులు కాగితం గుంతల్లోకి దిగి కూర్చుంటాయి. ఆరాక చూస్తే రాయి పైపొర లాగా గరగరలాడుతూ కనిపిస్తుంది.

రెండో తప్పు తెలుపు. వాటర్ కలర్‌లో తెలుపు అంటే కాగితమే. పోస్టర్ కలర్ లాగా చివర్లో తెల్లరంగు పెట్టి సర్దుకుందాం అంటే ఆ మెరుపు రాదు. ఎండ ఎక్కడ పడుతుందో మొదటే నిర్ణయించుకుని అక్కడ కుంచె తగలకుండా కాపాడుకోవాలి. మా అవ్వ వేరుశనగ పంట చేతికొచ్చిన రోజే విత్తనాల కాయలు వేరే మూట కట్టి అటక మీద పెట్టేది. ఎంత కష్టం వచ్చినా ఆ మూట విప్పనిచ్చేది కాదు. కాగితం మీద తెలుపు కూడా అలాంటి మూటే.

కార్డు గీసే లోపలే

వీడియోల్లో ఒక ట్రిక్ చూపిస్తారు. ముదురు రంగు పూసి, అది పూర్తిగా ఆరకముందే పాత ఏటీఎం కార్డు అంచుతో గట్టిగా ఒత్తి పక్కకు లాగాలి. రంగు పక్కకు జరిగి, వెలుగు పడిన రాతి ముఖం ఒక్క దెబ్బతో వచ్చేస్తుంది. చూడ్డానికి మ్యాజిక్ లాగా ఉంటుంది. నా శాలరీ అకౌంట్ కార్డు ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని అదే తీశాను.

రంగు మరీ తడిగా ఉంటే గీసిన చోటికి మళ్లీ పారి కప్పేస్తుంది. ఆరిపోతే కార్డు గీసినా కదలదు. మెరుపు పోయి, చెమ్మ ఇంకా ఉన్న ఆ మధ్య క్షణం దొరకాలి. వీడియోలో ఆ క్షణం తీరిగ్గా వస్తుంది. ఆయనెవరో టీ కూడా తాగుతాడు. మా ఊళ్లో ఏప్రిల్‌లో కుంచె కింద పెట్టి కార్డు అందుకునే లోపల కాగితం అప్పడంలా ఆరిపోతుంది.

ఎన్నో కాగితాలు పాడయ్యాక నాకు నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఎండ ఎక్కకముందే, ఏడింటిలోపు వేయాలి. కాగితాన్ని రెండు వైపులా తడిపి, నున్నటి టైల్ ముక్క మీద అతికించినట్టు పరవాలి, అప్పుడు అడుగు చెమ్మ కాసేపు నిలుస్తుంది. పెద్ద షీటు వద్దు, పోస్టుకార్డు సైజు చాలు. 300 జీఎస్ఎం మందం ఉన్న కాటన్ కాగితం ధర ఎక్కువే, కానీ ఒక షీటు చింపితే ఎనిమిది బొమ్మలు అవుతాయి.

ఇంకో మోసం కూడా తెలిసింది. దూరం కొండలు నీలంగా వేయమంటారు. గాలి నీలం వెలుతురును ఎక్కువ చెదరగొడుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ నీలం పెరుగుతుందట. సైన్సు కరెక్టే. కానీ ఎండాకాలం మా గాలి నిండా దుమ్ము. దుమ్ము రేణువులు పెద్దవి, అవి అన్ని రంగుల్నీ ఒకే రకంగా చెదరగొడతాయి. అందుకని మా దూరం కొండలు నీలంగా ఉండవు. పాలిపోయిన గోధుమ రంగులో, ఉతికి ఉతికి వెలిసిన ఖాకీ చొక్కాలా ఉంటాయి. జూన్‌లో ఒక వాన పడ్డాక తెల్లారి చూస్తే అప్పుడు కనిపించాయి, వీడియోలో చెప్పిన నీలం కొండలు. రెండు రోజులున్నాయి.

"దీనికి బరువు లేదు"

రంగులు కుదిరాయి. అయినా ఏదో తేడా. ఒక సాయంత్రం నాయన మంచం మీద కూర్చుని నా బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

"దీనికి బరువు లేదు పాపా. నేను ఒంటి చేత్తో తోస్తే దొల్లిపోతాది."

నాకు రోషం వచ్చింది. "అయితే నువ్వే చెప్పు ఎట్ల వేయాలో."

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. ఒక బాటిల్లో నీళ్లు పట్టుకోమన్నాడు. ఇద్దరం గుట్ట దగ్గరికి నడిచాం. అయిదున్నర. ఎండ ఏటవాలుగా పడుతోంది.

ఒక పెద్ద గుండు ముందు ఆగి, బాటిల్ మూత తీసి దాని మీద నీళ్లు పోశాడు. రాయి ఒక్కసారిగా నల్లబడింది. నీళ్లు జారిపోయాయి. రెండు మూడు నిమిషాల్లో ఆ వేడికి రాయి మళ్లీ తెల్లబడింది. ఒక్క గీత మాత్రం నల్లగా మిగిలింది. జుట్టు వెంట్రుకంత సన్నం, పై నుంచి కింద దాకా. అంతకు ముందు అక్కడ గీత ఉందని నాకు తెలియనే తెలియదు.

"అదీ పగులు. రాయి నీళ్లు తాగే చోటు. మనం గీసేది కాదు అది, దాని లోపల ఉండేది."

తర్వాత చిన్న రాయి తీసుకుని గుండును తట్టాడు. ఒక చోట ఖంగుమంది. పగులు పక్కన డొల్లగా మోగింది. "ఇప్పుడు సూడు, ఏది దేని మీద కూచోనుండాదో. ఒంటిగా ఏదీ ఉండదు. కింద ఎంత సందుందో, ఆ సందులో ఎంత చీకటుందో సూడు. బరువు ఆడుండాది."

ఇంటికొచ్చి ఆ రాత్రి ఫోన్లో చదివాను. మా ప్రాంతం రాళ్లు 250 కోట్ల ఏళ్లకు పైబడినవి, ధార్వాడ్ క్రేటాన్ అంటారు. ఈ గుండ్లు మొదట గుండ్లు కావు. భూమి లోపల అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడిన ఒకే బండ. పగుళ్లలోకి నీళ్లు దిగి లక్షల ఏళ్లు నానబెట్టాయి. మూలలకు రెండు మూడు వైపుల నుంచీ నీళ్లు తగులుతాయి కాబట్టి మూలలు ముందు కుళ్లి మట్టి అయిపోయాయి. పైన మట్టి కొట్టుకుపోయాక లోపలి గట్టి భాగాలు గుండ్లుగా బయటపడ్డాయి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే పాత అనంతపురం జిల్లాలో, మా గుండ్లను గుండ్రంగా చేసింది నీళ్లు! నాయన బాటిల్‌తో చూపించింది అదే.

మరుసటి రోజు నుంచి వేసే వరస మారింది. చుట్టూ గీత మానేశాను. పైముఖం కాగితం తెలుపు, పక్కముఖం మధ్యస్థం, కిందివైపు ముదురు. మూడే మెట్లు. రెండు గుండ్లు కలిసే సందులో మాత్రం అన్నిటికన్నా చిక్కటి రంగు. అంతే. గుండు నేల మీద కూర్చుంది. అమ్మ ఉర్లగడ్డల మాట ఎత్తలేదు.

ఫారంలో రాసిన అబద్ధం

మీకు నాయన గురించి ఒక విషయం చెప్పలేదు. కావాలనే దాటేశాను. అలవాటు.

నాయన పాతికేళ్లకు పైగా బండలు కొట్టాడు. తోటల కంచెలకు రాతి కూసాలు, ఇళ్లకు పునాది రాళ్లు, గుమ్మాల ముందు పరిచే బండలు. పేలుడు మందు కన్నా ఎక్కువగా ఉలి, సమ్మెటతోనే పని. గీత వెంబడి వరసగా చిన్న గుంతలు తవ్వి, ఒక్కో గుంతలో ఇనప ముక్క దిగేసి, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా ఒక్కో దెబ్బ వేస్తూ పోవాలి. మళ్లీ మొదటి నుంచి. దెబ్బ శబ్దం మారుతూ వస్తుంది. చివరికి పెద్ద చప్పుడేమీ లేకుండా, పుచ్చకాయ విచ్చినట్టు రాయి రెండవుతుంది. ఎడమ భుజం పోయింది, దగ్గు మిగిలింది. ఇప్పుడు ఒక మామిడి తోటకు కాపలా ఉంటున్నాడు.

నేను పదో తరగతిలో ఉండగా ఒక ఫారంలో 'తండ్రి వృత్తి' అనే గడిలో 'వ్యవసాయం' అని రాశాను. మాకు ఎకరన్నర చేను ఉంది కాబట్టి పూర్తి అబద్ధం కాదు. కానీ ఆ చేను ఏ ఏడాదీ మమ్మల్ని చదివించలేదు. ఫారం నాయన ముందు పెట్టాను. ఆయనకు కూడబలుక్కుని చదవడం వచ్చు. చదివాడు. నా మొహం చూశాడు. సంతకం పెట్టాడు.

బెంగళూరులో ఎవరైనా అడిగితే "కన్‌స్ట్రక్షన్ ఫీల్డ్" అనేదాన్ని.

ఇప్పుడు ఆయనే నాకు డ్రాయింగ్ మాస్టారు.

క్వారీ బొమ్మ ఎవరు కొన్నారు?

బొమ్మల గురించి చదవడం కూడా మొదలైంది. జాన్ రస్కిన్ అనే ఇంగ్లిష్ రచయిత 1857లో బొమ్మలు నేర్చుకునేవాళ్ల కోసం ఒక పుస్తకం రాశాడు. దారిలో కనిపించిన గుండ్రటి రాయి ఒకటి తీసుకొచ్చి దాన్ని వేయమంటాడు. రాయి గుండ్రతనం వెలుగునీడల్లో పట్టుకుంటే మిగతావన్నీ పట్టుకోవచ్చని ఆయన నమ్మకం. ఫ్రాన్స్‌లో పాల్ సెజాన్ తన ఊరి దగ్గరున్న సాంత్ విక్త్వార్ అనే ఒకే కొండను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశాడు. ఆయన వాటర్ కలర్ కొండల్లో సగం కాగితం తెల్లగానే ఉంటుంది. అదే ఊరి పక్కన బిబెముస్ అనే పాడుబడ్డ రాళ్ల క్వారీ ఉంటే, అక్కడ కూర్చుని కొట్టేసిన రాతి ముఖాల్ని కూడా వేశాడు.

ఇది నాయనకు చెప్పాను.

"క్వారీ బొమ్మ ఏసినాడా? ఎవరు కొన్నారు?"

"ఇప్పుడు కోట్లు పలుకుతాయి నాయనా."

"రాయి కంటే బొమ్మకే రేటెక్కువ అయితే," అని నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది.

ఒక ఆదివారం ఇద్దరం హిందూపురం వెళ్లి, అక్కడ బస్సు మారి లేపాక్షి పోయాం. నేను వీరభద్రస్వామి గుడి పైకప్పు కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. 16వ శతాబ్దం నాటి రంగులు. ఎర్రమట్టి ఎరుపు, పసుపుమట్టి, మసి నలుపు, సున్నం తెలుపు. నా డబ్బాలో యెల్లో ఆకర్ అని ఇంగ్లిష్ పేరుతో ఉన్న రంగు కూడా పసుపుమట్టే.

నాయన పైకి ఒకసారి చూసి బయటికెళ్లిపోయాడు. వెతికితే పెద్ద నంది దగ్గర కనిపించాడు. ఒకే రాతిలో చెక్కింది, దాదాపు 27 అడుగుల పొడవు. దాని చుట్టూ మెల్లగా తిరుగుతున్నాడు. చెయ్యి వెనక్కి కట్టుకున్నాడు, తాకడం లేదు.

"ఇంత రాయి, పగులు లేకుండా యాడ పట్టినారో! సెక్కినోడు గొప్పోడే. రాయిని ఏరినోడు వాని కంటే గొప్పోడు పాపా."

నందిని చెక్కించిన కాలం గురించి చాలా చదివాను. ఆ రాయిని ఏరిన మనిషి ఒకడు ఉంటాడని నాకు తట్టలేదు.

పదకొండు గుంతలు

వాన పడ్డ వారం, నా బొమ్మలన్నీ మంచం మీద పరిచాను. మా గుట్టవే ఇరవై దాకా ఉన్నాయి. నాయన ఒక్కోటీ చూసుకుంటూ వచ్చాడు. మొహం వెలిగింది. ఇది పొద్దునది, ఇది సందకాడిది అని తనే చెప్తున్నాడు. ఒక దగ్గర ఆగాడు.

"ఇది మన గుట్టే కదా?"

"అవును."

"మరి ఈ సగం బండకు గుంతలు లేవే?"

గుట్ట కుడివైపున సగానికి చీల్చిన ఒక పెద్ద బండ ఉంది. చీలిన ముఖం పైఅంచున వరసగా గుంతల గుర్తులు. హంపీ వెళ్లినవాళ్లు అక్కడి బండల మీద ఇలాంటి వరసలు చూసే ఉంటారు. నేను వేసిన ఇరవై బొమ్మల్లోనూ ఆ బండ ఉంది. ఒక్కదాంట్లోనూ గుంతలు లేవు.

"న్యాచురల్‌గా ఉంటుందని తీసేసినా నాయనా. అవి ఉంటే... బొమ్మ పాడైనట్టు ఉంటుందని."

"ఊఁ" అన్నాడు. బొమ్మ కింద పెట్టాడు. "అవి నేను కొట్టినవే. మీ అక్క పుట్టిన ఏడాది. సగం రాయి అమ్మి ఆస్పత్రికి కట్టినాము. మిగిల్న సగం అట్లే ఉండాది."

అంతే అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని తోటకు వెళ్లిపోయాడు.

ఫారం మీద సంతకం పెట్టిన రోజు కూడా అంతే. ఏమీ అనలేదు.

మరుసటి రోజు ఆరింటికి గుట్ట దగ్గరే కూర్చున్నాను, డాబా మీద కాదు. ఆ ఒక్క బండే కాగితం నిండా. చీలిన ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి ముదురు రంగు పూసి కార్డు తీశాను. వాన చెమ్మకు కాగితం ఈసారి నాకు టైమిచ్చింది. ఒక్క లాగుడుకు ముఖం తెరుచుకుంది. తర్వాత గుంతలు. వెలుగు పై నుంచి వస్తుంది కాబట్టి గుంతలో పైభాగం చీకటి, కింది పెదవి మీద వెలుగు. సన్న కుంచెతో ఒక్కో గుంతకూ చిన్న ముదురు మచ్చ పెట్టి, దాని కింద వెంట్రుక మందం కాగితం వదిలేశాను. ఒకటి చెడితే మొత్తం చెడుతుంది. ఊపిరి బిగబట్టి వేశాను.

నాయన తోట నుంచి వచ్చేదాకా ఆగి చేతికిచ్చాను. కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. వాకిట్లో వెలుతురుకు పట్టుకున్నాడు. కాగితానికి తగలకుండా వేలు పైపైన జరుపుతూ లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"పదకొండు కొట్టినా. పది ఏసినావు."

"పదే ఉన్నాయి నాయనా. చూసే వేసినా."

"పోయి సూడుపో."

పోయాను. బండ ఎడమ కొసన బోదగడ్డి మొలిచి ఉంది. చేత్తో పక్కకు తీశాను. లోపల పదకొండోది ఉంది. నిండా వాన నీళ్లు.